తిరుగుదారి చూసుకుని బయలుదేరాలి: లిబియా వెళ్లేవారికీ, పంపేవారికీ ఒక పాఠం

కాజీపేట దర్గాకు వెళ్లే ప్రతి ఒక్కరికీ 'బియాబానీ' అనే పేరు తెలుసు. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (రహ్మతుల్లాహి అలైహ్) పేరులోని ఆ మాట ఫారసీ 'బియాబాన్' నుంచి వచ్చింది. బియాబాన్ అంటే ఎడారి, మనుషులు లేని చోటు. చెరువులు తవ్వించిన కాకతీయుల ఊళ్లో ఉంటూ మనం తరతరాలుగా ఎడారి పేరు పలుకుతున్నాం. కానీ ఎడారి దేశానికి కొడుకును పంపే తండ్రికి ఆ ప్రయాణం గురించి ఎంత తెలుసు? అతనికి చందా ఇచ్చి, బాకీ ఇచ్చి సాయపడే మనకు ఎంత తెలుసు?

సౌదీ, దుబాయ్, కువైట్ సంగతి చెప్పడానికి ప్రతి బస్తీలోనూ నలుగురు ఉంటారు. ఉత్తర ఆఫ్రికా సంగతి అలా కాదు. అందుకే ఈ పాఠానికి లిబియాను తీసుకున్నాం. ఒకవైపు సహారా ఎడారి, మరోవైపు మధ్యధరా సముద్రం ఉన్న ముస్లిం దేశం అది. తెలుగువారు అక్కడ పాఠాలు చెప్పారు, వైద్యం చేశారు, కట్టడాల పనుల్లో, చమురు క్షేత్రాల్లో కష్టపడ్డారు. కొందరు అక్కడే చిక్కుకుపోయారు కూడా.

దేశం ఎలాంటిది?

లిబియా విస్తీర్ణం సుమారు 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ లాంటి రాష్ట్రాలు 15 అందులో పడతాయి. జనాభా మాత్రం 70 లక్షల దగ్గర, అంటే మన రాష్ట్ర జనాభాలో ఐదో వంతు. దేశంలో 90 శాతానికి పైగా ఎడారి. జనంలో ఎక్కువమంది సుమారు 1,770 కిలోమీటర్ల సముద్ర తీరం వెంబడే ఉంటారు. పడమట రాజధాని ట్రిపోలీ, దాని పక్కన మిస్రాతా, నడుమ సిర్త్, తూర్పున బెన్ఘాజీ, దెర్నా ఉన్నాయి. దక్షిణాన సబ్హా, కుఫ్రా వంటి ఎడారి పట్టణాలు ఉన్నాయి.

తీరంలో నగరాలు, లోపల ఎడారి, మధ్యలో పొడవాటి రోడ్లు ఉండడం వల్ల అక్కడ దూరం లెక్క వేరుగా ఉంటుంది. ట్రిపోలీ నుంచి బెన్ఘాజీకి రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు. మనకు వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో పది నిమిషాలకో ఊరు తగులుతుంది. అక్కడ గంటల తరబడి ఏమీ తగలదు. కారు ఆగిపోతే నీళ్లు అడగడానికి ఇల్లు ఉండదు.

నీటి సంగతీ అంతే. సహారా అడుగున ఉన్న పాత భూగర్భ జలాన్ని పెద్ద గొట్టాల ద్వారా తీరానికి తెచ్చే పథకాన్ని అక్కడ 'మహా మానవ నిర్మిత నది' అంటారు. ఆ నీరు 1991లో బెన్ఘాజీకి, 1996లో ట్రిపోలీకి చేరింది. నది లేని దేశంలో కుళాయి నీరు అలా వస్తుంది. ఆ గొట్టాలకో, కరెంటుకో ఇబ్బంది వస్తే నగరానికే దాహం వేస్తుంది.

ఎడారిలో వరద ఉండదనుకోవడం కూడా పొరపాటే. 2023 సెప్టెంబర్ 10, 11 తేదీల్లో తుఫాను వాన కురిసి దెర్నా పైనున్న రెండు ఆనకట్టలు తెగాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగు ఒక్క రాత్రిలో నగరంలో కొంత భాగాన్ని సముద్రంలోకి తోసేసింది. వేల మంది ప్రాణాలు పోయాయి. ఎండిన వాగును అక్కడ 'వాదీ' అంటారు. వాదీలో గుడారం వేయకూడదన్నది ఎడారివాసుల పాత నియమం.

తెలుగువారి అనుభవం

2011లో లిబియాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అక్కడ సుమారు 18,000 మంది భారతీయులు ఉన్నారు. ఫిబ్రవరి చివరి వారంలో మన ప్రభుత్వం 'ఆపరేషన్ సేఫ్ హోమ్‌కమింగ్' చేపట్టింది. ట్రిపోలీ నుంచి విమానాల్లోనూ, బెన్ఘాజీ నుంచి 'స్కోషియా ప్రిన్స్' అనే ఓడలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకూ మనవాళ్లను చేర్చారు. 15,000 మందికి పైగా ఇలా బయటపడ్డారు.

2015 జులై 29న సిర్త్ విశ్వవిద్యాలయంలో పనిచేసే నలుగురు భారతీయ అధ్యాపకులు స్వదేశానికి బయలుదేరారు. ట్రిపోలీ వెళ్లి, అక్కడి నుంచి ట్యూనిస్ మీదుగా రావాలని వారి ఆలోచన. సిర్త్‌కు 50 కిలోమీటర్ల దూరంలో సాయుధులు వారిని ఆపి తీసుకుపోయారు. రెండు రోజుల్లో ఇద్దరిని వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగువారు. వారు విడుదలైన వార్తను నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 2016 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అంటే ఆ రెండు ఇళ్లలో ఏడాదికి పైగా నిద్ర లేదు.

2020 సెప్టెంబర్ 14న మరో ఏడుగురు భారతీయులు అష్షువైరిఫ్ అనే చోట అపహరణకు గురయ్యారు. వారు ఆంధ్రప్రదేశ్, బీహార్, గుజరాత్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల వారు. కట్టడాల పనులు, చమురు క్షేత్రాలకు సరఫరాలు చేసే సంస్థలో పనిచేసేవారు. భారతదేశానికి విమానం ఎక్కడానికి ట్రిపోలీ వెళ్తుండగా ఇది జరిగింది. అక్టోబర్ 11న వారు విడుదలయ్యారు, అల్హందులిల్లాహ్.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండుచోట్లా మనవాళ్లు పట్టుబడింది పనిచేసే చోట కాదు, ఇంటికి తిరిగి వచ్చే దారిలో. వెళ్లేటప్పుడు ఏజెంటు ఉంటాడు, కంపెనీ మనిషి ఎదురొస్తాడు, ఇంట్లోవాళ్లు స్టేషన్ దాకా వస్తారు. తిరుగు ప్రయాణం మాత్రం మనిషి తనంతట తాను చూసుకోవలసి వస్తుంది. మన పాఠానికి మూలం ఇదే. ఎలా వెళ్తావు అన్న ప్రశ్న కంటే ముందు, ఎలా తిరిగి వస్తావు అని అడగాలి.

ఆ దారిన నడిచిన పాత బాటసారి

మన చరిత్రకూ ఆ తీరానికీ ఒక చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లును జయించిన ఢిల్లీ సేనకు నాయకుడు ఉలుగ్ ఖాన్. అతడే 1325లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. సరిగ్గా ఆ 1325లోనే మొరాకోలోని టాంజియర్ నుంచి 21 ఏళ్ల యువకుడు హజ్ కోసం ఒంటరిగా బయలుదేరాడు. అతని పేరు ఇబ్న్ బతూతా. ట్యూనిస్ చేరాక అతడు ఒంటరి ప్రయాణం మానుకుని హజ్ యాత్రికుల బిడారులో చేరాడు. ట్రిపోలీ మీదుగా ఆ లిబియా తీరం వెంబడే నడిచి 1326లో అలెగ్జాండ్రియా చేరాడు. తరువాతి కాలంలో ఢిల్లీ వచ్చి అదే తుగ్లక్ సుల్తాను కొలువులో ఖాజీ అయ్యాడు.

ఆయన యాత్రలను లోకం మెచ్చుకుంటుంది. కానీ ఇంటి వైపు నుంచి కూడా చూడాలి. ఆయన తిరిగి మొరాకో చేరింది 1349లో, 24 ఏళ్ల తరువాత. తన తండ్రి 15 ఏళ్ల కిందటే చనిపోయాడన్న సంగతి తిరుగు ప్రయాణంలో దమస్కస్‌లో ఎవరో చెబితే తెలిసింది. ఇల్లు చేరడానికి కొన్ని నెలల ముందే తల్లి కూడా ప్లేగుతో కన్నుమూసింది. ఆనాడు ఉత్తరం రావడమే గగనం. ఈనాడు జేబులో ఫోను ఉంది. అయినా ఎవరికి ఎప్పుడు ఫోను చేయాలో ముందే అనుకోకపోతే ఆ ఫోను ఉన్నా లేనట్లే.

హిజ్రత్ నేర్పే ప్రణాళిక

అల్లాహ్ మీద భరోసా ఉంటే ఇన్ని జాగ్రత్తలు ఎందుకు అని కొందరు అంటారు. ఒంటెను కట్టాలా, దేవుని మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. ఆ బోధను ఆయన స్వయంగా ఆచరించి చూపిన ప్రయాణం క్రీ.శ. 622 నాటి హిజ్రత్. ఎడారి ప్రయాణానికి దానికి మించిన పాఠం లేదు.

ఆ ప్రయాణంలోని ఏర్పాట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది అమానత్. మక్కా ప్రజలు తన దగ్గర దాచుకున్న వస్తువులను ఎవరివి వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని అక్కడ ఉంచారు. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి కూడా లెక్కలు మరిచిపోలేదు. మన పిల్లవాడు బయలుదేరే ముందు ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వాలి. వసీయత్ రాయడం అపశకునం కాదు, సున్నత్.

రెండోది దారి తెలిసినవాడు. అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే మార్గదర్శిని కూలికి మాట్లాడుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాదు. కానీ దారి తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు. ఇక్కడొక కఠినమైన పాఠం ఉంది. ఏజెంటు మన జమాత్ మనిషే, గడ్డం ఉంది, నమాజీ అన్నవి చాలవు. అతనికి ఆ పని తెలుసా, అందుకు అనుమతి ఉందా అని చూడాలి.

మూడోది దారి ఎంపిక. మదీనా ఉత్తరాన ఉంటే వారు ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లి మూడు రాత్రులు ఆగారు. తరువాత అందరూ నడిచే బాట వదిలి సముద్ర తీరం వైపు దారి పట్టారు. ఆలస్యమైనా క్షేమమైన దారే మంచిది.

నాలుగోది సమాచారం, ఆహారం. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ పగలు మక్కాలో మాటలు విని రాత్రి వచ్చి చెప్పేవారు. కుమార్తె అస్మా (రజి) భోజనం చేరవేసేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) గొర్రెల మందను నడిపించి అడుగుజాడలు చెరిపేవారు. అంటే ఆ ప్రయాణం ఇద్దరిది అయినా వెనుక ఒక కుటుంబం పనిచేసింది. ఎవరి పని ఏమిటో వారికి ముందే తెలుసు.

కాగితాల పని

ఇక మన కాలపు ఏర్పాట్లు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ తరగతిలో ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావలసిన దేశాలు 18 ఉన్నాయి. లిబియా వాటిలో ఒకటి. ఈ అనుమతిని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చూస్తుంది. పని అంతా 'ఈ-మైగ్రేట్' పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అందులోనే చూడవచ్చు. అభ్యర్థి నుంచి ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగేవాడు చట్టం దాటుతున్నాడని అర్థం. తెలంగాణ ప్రభుత్వానికి 'టామ్‌కామ్' అనే సొంత నియామక సంస్థ కూడా ఉంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది విదేశాంగ శాఖ ప్రయాణ సూచన. భద్రత దృష్ట్యా 2016 మేలో భారతీయులు ఏ పని మీదా లిబియా వెళ్లకూడదని ప్రభుత్వం నిషేధించింది. 2020లో ఆ ఏడుగురు బందీలైనప్పుడు కూడా ఆ నిషేధం అమల్లోనే ఉందని విదేశాంగ శాఖ తెలిపింది. ఇలాంటి సూచనలు మారుతూ ఉంటాయి. కాబట్టి పక్కింటివారి మాట మీద కాక, బయలుదేరే వారంలో శాఖ వెబ్‌సైటు చూసి నిర్ణయించుకోవాలి. సంక్షోభ సంవత్సరాల్లో లిబియాలోని భారతీయుల వ్యవహారాలను పొరుగున ఉన్న ట్యునీషియాలోని మన ఎంబసీ చూసింది. ఏ ఎంబసీ చూస్తోందో, దాని ఫోను నంబరు ఏమిటో ప్రయాణికుడి దగ్గరా, ఇంట్లోనూ రాసి ఉండాలి. 2014 నుంచి దేశంలో తూర్పు, పడమర పాలనలు వేరువేరుగా నడుస్తున్నాయి. అందువల్ల వీసా ఎవరు ఇచ్చారు, పనిచేసే ఊళ్లో అది చెల్లుతుందా అని కూడా అడగాలి.

విజిట్ వీసా మీద పంపి 'అక్కడికి వెళ్లాక మారుస్తాం' అంటే అక్కడే ఆగిపోవాలి. ఇటలీలో ఉద్యోగం అని నమ్మించి తీసుకుపోగా లిబియాలో చిక్కుకున్న పంజాబ్, హర్యానా యువకులు 17 మంది 2023 ఆగస్టులో మాత్రమే ఇల్లు చేరగలిగారు. వెళ్లేది ఒక దేశం, దిగేది మరో దేశం అయితే అది ఉద్యోగ ప్రయాణం కాదు.

బీమా మాట కూడా. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అవయవం కోల్పోయినా 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. ఈసీఆర్ వారికి ఇది తప్పనిసరి.

అక్కడి దినచర్య, ఆరాధన

అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనుక. వారపు సెలవు శుక్ర, శని వారాలు. మద్యం చట్టరీత్యా నిషేధం. వేసవికి ముందు దక్షిణం నుంచి వీచే వేడి ఇసుక గాలిని 'గిబ్లీ' అంటారు. అది వీచినప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోవాలి. ఎడారిలో పగలు కాలిపోయినా చలికాలం రాత్రి వణికిస్తుంది, కాబట్టి దుప్పటి పెట్టెలో ఉండాలి. పాత యుద్ధాల మందుపాతరలు ఇంకా ఉన్న దేశం అది. బాట వదిలి అడ్డంగా నడవకూడదు.

అక్కడివారు ఎక్కువగా మాలికీ మజ్‌హబ్‌ను అనుసరిస్తారు. నమాజులో కొందరు చేతులు కట్టుకోకుండా వదిలి నిలబడడం చూసి మనవాళ్లు వాదనకు దిగకూడదు. నాలుగు ఇమాముల బాటలూ గౌరవించదగినవే.

దారిలో ఉన్నంతసేపు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేయడం ఖస్ర్. ఫజ్ర్, మగ్రిబ్ నమాజులు మారవు. హనఫీ పద్ధతిలో ఒకచోట 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలని సంకల్పిస్తే పూర్తి నమాజు చేయాలి. కాబట్టి రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాడు పని చేసే ఊళ్లో ముసాఫిర్ కాడు. ఉన్న నీరు తాగడానికే సరిపోయేంత ఉంటే వుజూకు వాడకుండా తయమ్ముమ్ చేయాలి. ప్రాణం నిలుపుకోవడం ధర్మంలో భాగమే. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా ఎంచుకోవాలన్నది ప్రవక్త (స) సూచన. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది ఒకరు నిర్ణయిస్తే దారిలో తగువు ఉండదు.

దాతలు ఏం చేయాలి?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఒక తండ్రి వచ్చి, అబ్బాయికి లిబియాలో పని దొరికింది, ఏజెంటుకు లక్షన్నర కట్టాలి, సాయం చేయండి అని అడిగాడనుకుందాం. మనసు మెత్తబడి చెక్కు రాస్తే ఆ పూటకు పుణ్యం చేశామనిపిస్తుంది. ఆరు నెలల తరువాత అదే తండ్రి వచ్చి, అబ్బాయి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, జీతం లేదు, ఎలాగైనా రప్పించండి అంటే? మన మొదటి చెక్కే అతన్ని అక్కడికి చేర్చిందన్న సంగతి అప్పుడు తెలుస్తుంది.

దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలు ఉన్నాయి. అప్పుల్లో మునిగినవారు, బాటసారులు ఆ ఎనిమిదిలోనివారే. పరాయి దేశంలో చిక్కుకున్న కూలీ ఒకేసారి ఈ రెండూ అవుతాడు. అతన్ని ఆదుకోవడం మన బాధ్యత. అయితే అతడు ఆ స్థితికి రాకుండా చూడడం అంతకంటే పెద్ద మేలు. ఏ ఖర్చుకు జకాత్ వాడవచ్చు, దేనికి సదఖా వాడాలి అన్నది ఆలిములను అడిగి నిర్ణయించుకుందాం.

కాబట్టి విదేశీ ప్రయాణానికి సాయం అడిగినవారిని ఈ ప్రశ్నలు అడిగే పద్ధతి పెట్టుకుందాం.

1. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్‌లో కనిపించిందా? అడిగిన సొమ్ము చట్టం చెప్పినంతేనా?

2. పని ఒప్పందం కాగితం ఉందా? జీతం, గంటలు, సెలవు, తిరుగు టికెట్ ఎవరిదన్నది అందులో రాసి ఉందా? అర్థమయ్యే భాషలో ఎవరైనా చదివి వినిపించారా? బాకీ మాట కాగితం మీద పెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) ఆదేశించిన సమాజం మనది.

3. విదేశాంగ శాఖ సూచన ఈ వారం ఏముంది?

4. బీమా కట్టారా?

5. కొలువు చెడితే ఏ దారిన, ఎవరి సొమ్ముతో తిరిగి వస్తాడు?

6. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఎవరి దగ్గర ఉన్నాయి? ఏ వారం, ఏ వేళ ఫోను చేస్తాడు? ఫోను రాకపోతే ఎన్నో రోజున ఎవరికి చెప్పాలి?

ఆరింటికీ జవాబు ఉన్నవాడికి ధైర్యంగా సాయం చేద్దాం. వీలైతే వడ్డీ లేని ఖర్జె హసనాగా ఇద్దాం, తిరిగి వచ్చిన సొమ్ము మరొకరికి పనికొస్తుంది. జవాబు లేనివాడిని వట్టి చేతులతో పంపకుండా, కాగితాలు చూడగలిగిన ఒక మనిషిని తోడిచ్చి హైదరాబాద్ పంపుదాం. బస్సు ఛార్జీలు, బీమా 275 రూపాయలు, ఒప్పందం చదివి చెప్పేవాడి గంట సమయం కలిపినా పెద్ద మొత్తం కాదు. లక్షన్నర మోసపోయిన తరువాత చేసే సాయం కంటే ఈ కొద్దిపాటి సాయం బరువైనది. ఒక్కోసారి వద్దు అని చెప్పడం కూడా సదఖాయే. ఆ మాట విన్న తల్లి ఆ రోజు నొచ్చుకోవచ్చు. కొడుకు కళ్లముందు ఉన్నాడు కదా, రేపు అర్థం చేసుకుంటుంది.

చివరగా ఒక్క మాట. వరంగల్‌లో మనం నమాజుకు పడమర వైపు నిలబడతాం. ట్రిపోలీలో ఉన్నవాడు తూర్పుకు, కాస్త దక్షిణంగా తిరిగి నిలబడతాడు. కాబా రెండు చోట్లకూ మధ్యలో ఉంది. ఇక్కడ తండ్రి, అక్కడ కొడుకు నమాజుకు నిలబడితే ఒకరి ముఖం ఒకరి వైపే ఉంటుంది. ఆ కొడుకు క్షేమంగా వెళ్లి, హలాల్ సంపాదనతో, తాను ఎంచుకున్న రోజున, తాను ఎంచుకున్న దారిన తిరిగి రావాలని దుఆ చేద్దాం. దుఆకు ముందు ఒంటెను కడదాం. ఆమీన్.